మీరు ఇంట్లో లేరు

క్లోవర్ కోర్టు, హార్ట్‌బెక్
2003 అక్టోబరు 7

హేజెల్‌కి,

ఫోన్ చేస్తే తీయవేమని అడిగావు. తీసి ఏం చెయ్యను? ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి కూడా దాని దారే పట్టింది. నువ్వు ‘ఎలా ఉన్నావు’ అంటే నాకు ‘ఎవరున్నారు’ అని వినపడుతుంది. ఉత్తరమైతే నీ గొంతు నాకు బాగా వినపడుతుంది, అవసరమైన దానికంటే ఎక్కువే.

ఈ ఊరి కౌన్సిల్‌తో గొడవేమిటన్నావు. చెబుతాను, విను. ఈ ఫ్లాటు వాళ్లది, అద్దెకున్నది నేను. ఏడాదికోసారి వాళ్ల మనిషి వచ్చి ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ చూసి, బాగుందని కాగితం రాసి పోవాలి. చట్టమట. మంచిదే, రమ్మన్నాను. జూన్‌లో ఫలానా రోజు, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు లోపల వస్తామని ఉత్తరం పంపారు. తలుపు చప్పుడు నాకు వినపడదు కదా, అందుకని కుర్చీ తెచ్చి తలుపు దగ్గరే వేసుకున్నాను. భోజనం అక్కడే. బాత్రూముకు వెళ్లాలన్నా తలుపు బార్లా తీసి పెట్టి వెళ్లాను. ఆరున్నరకు కిందికి దిగి చూస్తే పోస్టు పెట్టెలో కార్డు: ‘మేము వచ్చాం. మీరు ఇంట్లో లేరు.’

లిఫ్టు పాడైందని ఆ మహానుభావుడు నాలుగు అంతస్తులు ఎక్కలేదు. కిందే కార్డు పడేసి పోయాడు.

జులైలో ఇంకొకడొచ్చాడు. వాడి దగ్గర ముప్పై నాలుగో నంబరు కాగితం ఉంది, నాది నలభై మూడు. ‘అంకెలు అటూ ఇటూ అయినట్టున్నాయమ్మా’ అని నవ్వి వెళ్లిపోయాడు. ఆగస్టు మొదట్లో వాన పడుతోందని రాలేదు. బాయిలర్ ఇంట్లో ఉంటుంది గానీ వానలో ఉంటుందా?

ఇప్పుడు సెప్టెంబరు నుంచి వాళ్లకు హఠాత్తుగా నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వారానికో ఉత్తరం, పది రోజులకో మనిషి. ఇప్పుడు నేను తీయను. ఇన్నాళ్లూ వాళ్లకు తీరిక లేదు, ఇప్పుడు నాకు లేదు.

మీ అమ్మాయి జానిన్ సంగతి నాకేమీ తెలియదు.

నీ అక్క,
థెల్మా


స్కార్‌బరో
అక్టోబరు 15

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. జూన్‌లో వాళ్లది తప్పు, ఒప్పుకుంటాను. జులైలోనూ వాళ్లదే. కానీ ఇప్పుడు మనిషి నీ గుమ్మంలో నిలబడి తలుపు తట్టుతుంటే తీయనని కూర్చోవడమేమిటి? అరవై ఆరేళ్లొచ్చాయి. చిన్నప్పుడు అమ్మ తిట్టిందని బొగ్గుల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నావే, అచ్చం అలా ఉంది.

నా బాధ నీకేం తెలుసు. నా కూతురు ఇల్లు వదిలి ఏడు వారాలు. ఒక ముక్క రాయలేదు. క్రెయిగ్‌ను చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ప్రతి ఆదివారం వస్తాడు. మొన్న నిచ్చెనెక్కి చూరు గొట్టంలో ఆకులన్నీ తీశాడు. చేపలూ బంగాళాదుంప వేపుడూ పొట్లం కట్టించి తెస్తాడు, నా ముందు కూర్చుంటాడు, ముద్ద దిగదు. ‘నేనేం తప్పు చేశాను అత్తయ్యా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. సొంత కొడుకు కూడా ఇంత చెయ్యడు. జానిన్‌ది మొదటి నుంచీ గోరంతను కొండంత చేసే బుద్ధి. నీకు తెలియనిదేముంది.

నిన్ను కూడా అడిగాడు. ‘థెల్మా పెద్దమ్మ ఎలా ఉన్నారు, రాన్ గారు పోయాక ఇల్లు మారారు కదా, అడ్రసిస్తే పూలు పంపిస్తాను’ అన్నాడు. ఆ అభిమానం చూడు.

జానిన్ నీకేమైనా రాస్తే నాకు వెంటనే చెప్పు. ఆ గ్యాస్ మనిషిని లోపలికి రానివ్వు. పావుగంట పని.

నీ చెల్లెలు,
హేజెల్


క్లోవర్ కోర్టు
నవంబరు 3

హేజెల్‌కి,

నాకు పూలు వద్దు. పూలు తెస్తే నాకు తుమ్ములొస్తాయి. నా అడ్రసు ఎవరికీ ఇవ్వకు, నీ అల్లుడికి అసలివ్వకు. ఇక్కడ కౌన్సిల్‌తోనే చచ్చిపోతున్నాను.

ఈ నెల రోజుల్లో ఎన్ని అబద్ధాలాడానో లెక్క లేదు. ఒకసారి జలుబు. ఒకసారి గోడలకు కాగితం అంటిస్తున్నానన్నాను. ఒకసారి పిల్లి ఈనిందన్నాను, నాకు పిల్లే లేదు. ‘చివరి హెచ్చరిక’ అని ఎర్ర అక్షరాలతో ఒకటొచ్చింది. పది రోజులకు ‘తుది చివరి హెచ్చరిక’ అని ఇంకొకటి. చివరి దాని తర్వాత తుది చివరిది ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

మొన్న శుక్రవారం మిస్ ఫిన్నిగన్ స్వయంగా వచ్చింది. మా భవనం వ్యవహారాలు చూసే పిల్ల, ముప్పై దాటవు. తలుపు కొట్టి కొట్టి లాభం లేక, ఉత్తరాలు వేసే కన్నం మూత ఎత్తి అందులోంచి అరవడం మొదలుపెట్టింది. నేను కుడి చెవి ఆ కన్నానికి ఆనించి కూర్చున్నాను.

‘మిసెస్ హెప్‌వర్త్! నేను మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడుతున్నానండీ!’

‘మోకాళ్ల మీద కూర్చునేది చర్చిలో. ఇక్కడెందుకు?’

‘ఇదంతా మీ క్షేమం కోసమేనండీ.’

‘జూన్‌లో నాకు క్షేమం అక్కర్లేదా?’

‘ఆ రోజు లిఫ్టు పని చెయ్యలేదండీ.’

‘చెయ్యలేదు. నేను బంగాళాదుంపల సంచి మోసుకుంటూ ఎక్కొచ్చాను. మీ వాడు చేతిలో పెన్సిలు పట్టుకుని ఎక్కలేకపోయాడా?’

‘మీరన్నది నిజమే. నేను క్షమాపణ అడుగుతున్నాను. కానీ ఇక మీద నా చేతిలో ఉండదండీ, ఫైలు కోర్టుకెళ్తుంది’ అంది. చక్కగా మాట్లాడింది, అందుకే నాకు ఒళ్లు మండింది. తిట్టే మనిషికైతే జవాబు చెప్పడం తేలిక.

నువ్వు అడిగావని చెబుతున్నాను, బాయిలర్ నిక్షేపంలా ఉంది. చలి ముదిరాక రోజంతా వెలుగుతూనే ఉంది. కిటికీ సందుల్లో వార్తాపత్రికలు కుక్కి బిగించాం, గాలి చొరబడదు. పొద్దున లేచేసరికి ఇద్దరికీ తల దిమ్మెక్కి ఉంటోంది గానీ అది ఈ వాతావరణం వల్లే.

థెల్మా


స్కార్‌బరో
నవంబరు 17

అక్కా,

‘ఇద్దరికీ’ ఏమిటి?

మూడుసార్లు చదివాను. ‘బిగించాం’ అని రాశావు, ‘ఇద్దరికీ’ అని రాశావు. నువ్వు ఒంటరిగా ఉంటున్నావు. పిల్లి కూడా లేదని నువ్వే రాశావు. ఇప్పుడర్థమైంది కౌన్సిల్ వాళ్లను ఎందుకు రానివ్వడం లేదో. రాన్ బావ పోయి రెండేళ్లు నిండలేదు! ఎవరతను? బింగో ఆటలో పరిచయమా? నీ జీవితం నీది, కాదనను. కానీ సొంత చెల్లెలికి చెప్పకుండా, ఒక మగమనిషిని గదిలో దాచుకుని, తలుపుకు గడియ పెట్టుకుని, పిల్లి ఈనిందని బొంకడం! నాకు నవ్వు రావడం లేదు.

నిన్న క్రెయిగ్‌తో ఈ గొడవంతా చెప్పాను. ఎంత మంచివాడంటే, వెంటనే ‘నేను వెళ్లి కౌన్సిల్ వాళ్లతో మాట్లాడతాను అత్తయ్యా, పెద్దావిడ ఒక్కరే అవస్థ పడుతున్నారు’ అన్నాడు. నువ్వు వద్దన్నావని నిన్న నీ అడ్రసు ఇవ్వలేదు. కానీ ఆలోచిస్తే నీ మొండితనానికి విలువిచ్చి ప్రయోజనం లేదనిపించింది. కోర్టు దాకా పోయే మనిషికి ఎవరో ఒకరు అండ ఉండాలి. వచ్చే ఆదివారం వస్తాడు, అప్పుడు రాసిస్తానని ఈ పొద్దున ఫోన్‌లో చెప్పాను. కోపం తెచ్చుకుంటే తెచ్చుకో.

హేజెల్


క్లోవర్ కోర్టు
నవంబరు 20, గురువారం

హేజెల్,

ఇవ్వకు. మిగతాది చదవకపోయినా ఈ ముక్క చదువు. ఇవ్వకు. ఫోన్ చేద్దామనుకున్నాను. తీసేది నువ్వో క్రెయిగో నాకు తెలియదు, నువ్వే అయినా నీ జవాబు నాకు వినపడదు. అందుకే ఇది త్వరగా అందే తపాలాలో వేస్తున్నాను. శనివారానికి నీ చేతికి రావాలి.

జానిన్ నా దగ్గరే ఉంది. ఆగస్టు ఆఖరి వారం నుంచి ఉంది.

నీతో అబద్ధమాడాను. కౌన్సిల్‌తో ఆడినప్పుడు కాస్త సరదాగానే ఉంది, ఒప్పుకుంటాను. నీతో ఆడినప్పుడు ఒక్కసారి కూడా లేదు. కానీ నీ పిల్ల నా చేత ఒట్టు పెట్టించుకుంది. అమ్మకు తెలిస్తే అతనికి తెలిసిపోతుంది అంది. ఎలా కాదనను? ఏప్రిల్‌లో ఆ పిల్ల మీ ఇంటికొచ్చి చొక్కా చెయ్యి పైకి లాగి నీకు చూపించిందట. నువ్వు ‘మగాడన్నాక కోపాలుంటాయి’ అన్నావట. అక్కడితో ఆగక, ఇద్దరికీ సర్ది చెబుదామని అతన్ని పిలిచి, ఇలా అంటోందయ్యా అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగావట. అతను నీ ముందు ఏడ్చాడట. నువ్వు ఇద్దరికీ టీ ఇచ్చి పంపావు. ఇంటికెళ్లే దారిలో కారు ఆపి అతనేం చేశాడో నేను రాయను. అది ఆ పిల్ల చెప్పాలి, చెప్పాలనిపిస్తే.

ఇక్కడికొచ్చినప్పుడు ఒక సంచీ, రెండు వేర్వేరు చెప్పులు. చిన్నగదిలో పడుకోబెట్టాను. తలుపు ఎవరు తట్టినా మంచం వెనక్కి వెళ్లి కూర్చునేది. నాకు వినపడదు కాబట్టి నేను బతికిపోయాను, ప్రతి చప్పుడూ ఆ పిల్లకు వినపడేది. అలాంటప్పుడు బూట్లేసుకుని పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చే మగవాణ్ణి ఆ గదిలోకి ఎలా పంపను? బాయిలర్ ఆ గది అలమరలోనే ఉంది మరి. పైగా కౌన్సిల్ కాగితాల్లో ఈ ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకుంటారు. రాసిన పేరు ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదికి పోతుందో ఎవరికి తెలుసు?

పోయిన వారం కోర్టు కాగితం వచ్చింది. ఈ గురువారం పది గంటలకు వస్తారు, తీయకపోతే తాళం విరగ్గొట్టి లోపలికి రావచ్చని. నేను దాన్ని పిండి డబ్బాలో దాచాను. నిన్న రొట్టెకు పిండి తీస్తూ జానిన్ చూసింది. చదివి తెల్లబోయింది. సంచీ సర్దుకుంటుందేమో అనుకున్నాను. అలా చెయ్యలేదు.

‘పెద్దమ్మా, రేపు తలుపు నువ్వే తీసెయ్యి’ అంది. ‘వాళ్లు విరగ్గొడితే ఆ చప్పుడు నేను తట్టుకోలేను. ఇంట్లో బాత్రూము తలుపు అతను అలాగే విరగ్గొట్టాడు.’

ఈ రోజు పది గంటలకు తీశాను. గుమ్మంలో ముగ్గురు: మిస్ ఫిన్నిగన్, తాళాలు విరిచేవాడు, కోల్‌మన్ అనే గ్యాస్ పనివాడు. యాభై దాటిన మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. లిఫ్టు మళ్లీ పాడైంది, ఈసారి ఎక్కొచ్చాడు.

‘బాయిలర్ ఎక్కడుందమ్మా?’

‘చిన్నగదిలో. కానీ అక్కడ మా పిల్ల ఉంది. మీద పడిపోయినట్టు వెళ్లకండి.’

అతను నా ముఖం చూశాడు. గది బయటే ఆగి బూట్లు విప్పేశాడు. జానిన్ కోటు వేసుకుని గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది.

‘అమ్మాయ్, లోపలికి రావచ్చా?’ అన్నాడు. ఆ పిల్ల తల ఊపింది.

రెండడుగులు వేశాడో లేదో, అతని చేతిలో చిన్న యంత్రం గోల చెయ్యడం మొదలుపెట్టింది. నాక్కూడా వినపడింది, అంత గోల. అతను కిటికీకేసి చూశాడు. నేను నా చేతులతో కుక్కిన వార్తాపత్రికలన్నీ ఒక్క లాగుడుతో పీకేసి రెక్కలు తెరిచాడు. బాయిలర్ ఆపేశాడు. తర్వాత ఇటు తిరిగి, ‘ఇద్దరూ మెట్ల మీదికి నడవండి. ఇప్పుడే. సామాన్లు తర్వాత’ అన్నాడు.

మెట్ల మీద కూర్చున్నాక వచ్చి జానిన్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

‘తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?’

‘నెల నుంచి. పొద్దున పూట వాంతి వచ్చినట్టుంటుంది. భయం వల్ల అనుకున్నాను.’

‘భయం వల్ల కాదమ్మా’ అన్నాడు.

బాయిలర్ పొగగొట్టం అతుకు దగ్గర విడిపోయిందట. బయటికి పోవలసిన విషవాయువు గదిలోనే నిండుతోందట. దానికి వాసన లేదు, రంగు లేదు. ఇంకా చలి పెరిగి రాత్రంతా వెలిగి ఉంటే, అని మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లి ఇద్దరి ముక్కుకూ ఆక్సిజన్ పెట్టారు. నా రక్తంలో కొంచెమే ఉందట, నేను ముందు గదిలో పడుకుంటాను కదా. జానిన్ రక్తంలో చాలా ఉంది. ఇప్పుడు ఫర్వాలేదన్నారు, సాయంత్రం పంపేశారు.

హేజెల్, ఆ పిల్ల నన్ను నమ్మి వచ్చింది. నేను తీసుకెళ్లి ఆ గదిలో పెట్టి, కిటికీ బిగించి, సరిచేసే మనిషిని మూడు నెలలు గుమ్మం తొక్కనివ్వలేదు. జూన్‌లో వాడు నాలుగు అంతస్తులు ఎక్కి ఉంటే అప్పుడే దొరికేదేమో. ఆ మాట వాళ్ల ముఖం మీదే అన్నాను, మళ్లీ అంటాను. కానీ సెప్టెంబరు నుంచి జరిగిన తప్పు నాది.

మిస్ ఫిన్నిగన్ తన ఫైలు మూసి చంకలో పెట్టుకుంది. ‘ఇంట్లో ఎవరున్నారో నేనీ రోజు రాయడం లేదు’ అంది. జానిన్‌తో విడిగా మాట్లాడింది. ఇలాంటి ఆడపిల్లలకు ఇల్లు చూపించే మనుషులున్నారట, పేరు బయటికి పోదట. మొదటి రోజే ఆ కన్నంలోంచి నిజం చెప్పేసి ఉంటే సరిపోయేదేమో. ఏమో.

నీకు చెప్పడానికి జానిన్ ఒప్పుకుంది. నువ్వు ఆదివారం అడ్రసు ఇస్తానన్నావని చూపించాక ఒప్పుకుంది. ఇక నీ ఇష్టం. ఇవ్వకు.

థెల్మా


స్కార్‌బరో
నవంబరు 24

అక్కా,

శనివారం పన్నెండింటికి నీ ఉత్తరం వచ్చింది. ముందు నీ మీద పట్టలేనంత కోపమొచ్చింది. మూడు నెలలు నా బిడ్డ బతికుందో లేదో తెలియకుండా నన్ను ఉంచావు. గట్టిగా తిట్టాను కూడా, వంటింట్లో నిలబడి, ఎవరూ లేకుండా.

తర్వాత ఏప్రిల్ గుర్తుకు వచ్చింది. చొక్కా చెయ్యి పైకి లాగడం గుర్తుకు వచ్చింది. నేను చూశానక్కా. చూసి, టీకి నీళ్లు పెట్టాను.

అయినా పూర్తిగా నమ్మలేదు. సిగ్గుతో రాస్తున్నాను. రేపు అతని ముఖం చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. ఎందుకైనా మంచిదని నీ అడ్రసున్న పాత ఉత్తరాలూ కవర్లూ అన్నీ వెతికి నిప్పులో వేశాను. ఈ కొత్త ఉత్తరం మాత్రం ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం వచ్చాడు. పొట్లం తెచ్చాడు. పళ్లాలు తనే సర్దాడు. తిన్నాక, ‘పెద్దమ్మ గారి అడ్రసిస్తానన్నారు’ అన్నాడు.

‘ఎక్కడో పెట్టాను క్రెయిగ్, కనపడటం లేదు’ అన్నాను.

నవ్వాడు. ‘మీరు ఏదీ పారేసుకోరు అత్తయ్యా’ అని లేచి, అద్దాల బీరువా సొరుగు లాగాడు. నా సొరుగు. అడగలేదు. నా కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసి పక్కన పెట్టాడు, తొందరేమీ లేకుండా, పాట పాడుకుంటూ. రెండో సొరుగు. మూడోది. నేను కుర్చీలోంచి కదల్లేకపోయాను. మా ఇంట్లో, మా ఆయన కుర్చీలో కూర్చుని, గట్టిగా ఊపిరి తీసుకోవడానికి భయపడ్డాను. జానిన్‌కు ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. అతనితో ఏడేళ్లు.

సొరుగులో ఏమీ దొరక్కపోయేసరికి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ‘జానిన్ అక్కడే ఉంది కదూ’ అన్నాడు. గొంతు పెంచలేదు. పట్టు మాత్రం పెంచాడు. ‘అత్తయ్యా, నాతో అబద్ధాలొద్దు. నేను మీకెంత చేశాను.’

రెండో చేత్తో టీ కెటిల్ అందుకుని గోడకేసి కొట్టాను. కొట్టాను, కొట్టాను. పక్కింటి మిస్టర్ పౌండర్‌కీ మాకూ మధ్య గోడ పల్చన అని ఎప్పుడూ సణిగేదాన్ని. ఆయన కుక్కను వెంటేసుకుని వెనక తలుపులోంచి వచ్చాడు. క్రెయిగ్ వెంటనే నా చెయ్యి వదిలేసి, ‘అత్తయ్యకు ఒంట్లో బాగోలేదు’ అన్నాడు. ఎంత చక్కగా అన్నాడో. నెల కిందటైతే నేనే నమ్మేదాన్ని.

వెళ్లిపోయాడు. ఈ రోజు పొద్దున తాళాలు మార్పించాను. పోలీసు స్టేషనుకు వెళ్లి మణికట్టు చూపించాను, ఐదు వేళ్లూ కనపడుతున్నాయి. అక్కడి ఆడమనిషి ఫోటో తీసి అన్నీ రాసుకుంది. మీ అమ్మాయి వచ్చి చెబితే ఇంకా బలంగా ఉంటుంది, కానీ ఆవిడ ఇష్టం, తొందరపెట్టొద్దు అంది.

నేను తొందరపెట్టను. ఒకటే అడుగుతున్నాను. నేను రావచ్చా? నువ్వు సరే అనకు, జానిన్‌ను అడుగు. వద్దంటే వద్దని రాయి. నేను వాదించను, మళ్లీ అడగను కూడా. ఆ పిల్ల తలుపు తీయకపోతే తప్పు పట్టే హక్కు నాకు లేదు.

హేజెల్


క్లోవర్ కోర్టు
నవంబరు 28

హేజెల్‌కి,

మణికట్టుకు చల్లటి గుడ్డ కట్టు. మిస్టర్ పౌండర్ కుక్కకు నా తరపున ఒక ఎముక కొని పెట్టు.

కొత్త బాయిలర్ ఇస్తారట. ఎప్పుడంటే, ‘మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు మధ్య’ అని రాశారు, తేదీ వెయ్యడం మరిచిపోయారు. మిస్ ఫిన్నిగన్‌కు ఫోన్ చేసి తిట్టించాను, జానిన్ చేత. నేను పక్కనుంచి చెబుతుంటే ఆ పిల్ల సగం మాటలు మింగేసి మర్యాదగా చెప్పింది. అప్పటిదాకా రెండు కరెంటు హీటర్లు ఇచ్చారు, ఒకటి పని చేస్తుంది. ఆ చిన్నగది ఖాళీ చేసేశాం. ఇద్దరం ముందు గదిలోనే పడుకుంటున్నాం. నేను గురక పెడుతున్నానంటుంది. నాకు వినపడదు కాబట్టి నమ్మను.

నీ ఉత్తరం తనకిచ్చాను. తీసుకుని మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. గంట దాటింది. వెళ్లి పిలుద్దామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చున్నాను. వచ్చాక పెన్ను అడిగింది. కింది భాగం తన చేతిరాత. నేను చదవలేదు.

థెల్మా

అమ్మా, రా. ఒక్కదానివే రా.
జానిన్